సెల్స్ పరిమితి చూడకుండా సిమ్యులేటర్ లైసెన్సు కొనకండి

మైక్రోస్ట్రిప్ (బోర్డు మీద రాగి గీతలతో చేసే) ఫిల్టర్లు, కప్లర్లు డిజైన్ చేసేవాళ్లు చౌకగా వస్తోందని సిమ్యులేటర్ చిన్న లైసెన్సుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఈ సాఫ్ట్‌వేర్ మన డ్రాయింగ్‌ని చిన్న చిన్న గడులుగా (సెల్స్) విడగొట్టి లెక్క కడుతుంది; ఆ గడుల అల్లికే మెష్ లేదా గ్రిడ్. నేను అలా కొని, ఒక విడత బోర్డులు మొత్తం పక్కన పడేశాను.

నాది 2.45 గిగాహెర్ట్జ్ హెయిర్‌పిన్ ఫిల్టర్. అందులో U ఆకారంలో మడిచిన రాగి గీతలు, అంటే రిజొనేటర్లు, పక్కపక్కన ఉంటాయి. రిజొనేటర్ల మధ్య గ్యాప్ 0.2 మి.మీ. అమ్మినవాళ్లు డెమోలో ప్యాచ్ యాంటెన్నా (బోర్డు మీద వెడల్పాటి రాగి పలక) చూపించారు, గ్రాఫ్ చక్కగా వచ్చింది. మామూలు ప్యాచ్‌లో ఇంత సన్నని కప్లింగ్ గ్యాప్‌లు (ఒక గీత నుంచి పక్క గీతకి సిగ్నల్ దాటే సందులు) ఉండవు. అందుకే ముతక మెష్‌తో కూడా బాగానే కనిపిస్తుంది. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

లైసెన్సుకి మెమరీ పరిమితి ఉందన్నారు గానీ, అందులో ఎన్ని సెల్స్ పడతాయో చెప్పలేదు. 0.05 మి.మీ. గ్రిడ్‌తో నా ఫిల్టర్ పట్టలేదు. 0.25కి పెంచితే రన్ అయింది. తరంగదైర్ఘ్యానికి 20 సెల్స్ చాలంటారు కదా. ఎఫ్‌ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) మైక్రోస్ట్రిప్ మీద ఈ ఫ్రీక్వెన్సీకి తరంగం సుమారు 68 మి.మీ. అంటే 3 మి.మీ. సెల్ కూడా సరిపోవాలి! ఆ లెక్క నమ్మే మోసపోయాను. ఇక్కడ మెష్‌ని నిర్ణయించేది తరంగం కాదు, గ్యాప్. ఈ సాఫ్ట్‌వేర్ మనం గీసిన అంచుల్ని గ్రిడ్‌కి సర్దేస్తుంది. నా 0.2 గ్యాప్ లెక్కలో 0.25 అయిపోయింది. తెర మీద డ్రాయింగ్ మాత్రం 0.2 అనే చూపిస్తోంది. మెష్ వ్యూ తెరిస్తేనే తేడా కనబడింది, అదీ బోర్డులు చేతికొచ్చాక. అసలు గ్యాప్ చిన్నది కాబట్టి కప్లింగ్ ఎక్కువైంది, పాస్‌బ్యాండ్ (ఫిల్టర్ వదిలే ఫ్రీక్వెన్సీల పట్టీ) వెడల్పైంది, మధ్యలో గుంట పడింది.

గ్రిడ్ సరిగ్గా సర్దుకున్నా గ్యాప్‌కి ఒక్క సెల్ చాలదు. కరెంటు లైను అంచుల్లోనే గుమిగూడుతుంది, అక్కడ సన్నని సెల్స్ కావాలి. కానీ గ్రిడ్ అంతటా సెల్ కొలత సగం చేస్తే సెల్స్ 4 రెట్లు, మెమరీ సుమారు 16 రెట్లు, సమీకరణాల్ని నేరుగా సాధించే సాల్వర్‌లో టైమ్ 64 రెట్ల దాకా పెరుగుతాయి. చిన్న లైసెన్సు చేతులెత్తేసేది ఇక్కడే. మేం అడిగితే పెద్ద లైసెన్సు తీసుకోమన్నారు, డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు.

అందుకే డెమోలో వాళ్ల ఫైలు వద్దనండి. మీ దగ్గరున్న అతి సన్నని గ్యాప్ ఉన్న డిజైన్ పెట్టించండి, కొనబోయే లైసెన్సులోనే. ఒకసారి రన్ చేయించి, సెల్ సగానికి తగ్గించి మళ్లీ చేయించండి. రెండో గ్రాఫ్ మొదటిదాని నుంచి పక్కకి జరిగితే ఇంకా సగం చేయమనండి. గ్రాఫ్ నిలబడక ముందే మెమరీ అయిపోతే ఆ లైసెన్సు మీ పనికి రాదు.