ఎరావాన్ జలపాతం: గైడుతో ఒకరోజు యాత్ర

థాయ్‌లాండ్‌లోని కాంచనబురి ప్రాంతంలో ఉన్న ఎరావాన్ జలపాతానికి బ్యాంకాక్ నుంచి గైడుతో వెళ్లే ఒకరోజు యాత్రను ఈత ఇష్టపడే వారందరికీ నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే దారి సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి, క్వాయ్ నది వంతెనను కూడా అదే రోజున చూపించే ప్యాకేజీల్లో నీళ్లలో గడిపే సమయమే కరువవుతుంది.

మొత్తం 7 అంచెలుగా దిగే ఈ జలపాతంలో, నీటిలో కరిగిన సున్నం ఏళ్ల తరబడి పేరుకుని సహజమైన గట్లు కట్టడం వల్ల, ప్రతి అంచె కిందా పచ్చల రంగు నీటితో ఒక కొలను ఏర్పడింది. అంచున కూర్చుని కాళ్లు కదపకుండా ఉంచితే చేపలు మడమల చుట్టూ చేరి చర్మాన్ని మెల్లగా కొరుకుతాయి. నొప్పి ఉండదు గానీ పిల్లలు మొదట ఉలిక్కిపడతారు.

పై అంచెలను మధ్యాహ్నం తర్వాత ముందుగానే మూసేస్తారని చెప్పి, మా గైడు ముందు పైకి తీసుకువెళ్లి, దిగుతూ ఈత కొట్టించడం ఎంతో మేలు చేసింది. రెండో అంచె దాటాక ఆహారాన్ని అనుమతించరు. నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకుని, దాన్ని తిరిగి చూపించాకే డబ్బు వాపసు ఇస్తారు. అడవి అంత శుభ్రంగా ఉండటానికి ఈ నియమమే కారణమని నా నమ్మకం, మన జలపాతాల దగ్గర కూడా దీన్ని తప్పక అమలు చేయాలి.

చివరి అంచెల దారిలో రాళ్లు జారుతాయి కనుక పట్టున్న చెప్పులు అవసరం. ఈతకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఎండాకాలంలో ప్రవాహం సన్నబడుతుంది కాబట్టి, వానలు తగ్గుముఖం పట్టిన వెంటనే వెళ్లడం మంచిది.