మంచులో చిక్కుకుంటే వెండి దుప్పటి ఎంతవరకు కాపాడుతుంది?

కేదార్‌నాథ్ యాత్రకో, మనాలి, లేహ్ చూడ్డానికో నల్లగొండ, పాలమూరు నుంచి బయల్దేరేవాళ్లలో చాలామంది ఇప్పుడు వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి కొని బ్యాగులో వేసుకుంటున్నారు. మడిస్తే గుప్పిట్లో పడుతుంది, వంద గ్రాములు కూడా తూగదు. వస్తువు మంచిదే. దుప్పటి అన్నారు కదా అని కప్పుకుని మంచులో పడుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఇది అల్యూమినియం పూత ఉన్న సన్నని పాలిస్టర్ పొర. ఒంట్లోంచి వెలువడే వేడిని వెనక్కి పంపుతుంది, గాలినీ తడినీ ఆపుతుంది. మందమే లేదు కాబట్టి కిందున్న మంచు ఒంటి వేడిని లాగేస్తుంటే ఏమీ చేయలేదు. అందుకే ముందు కింద ఏదైనా పొడిది మందంగా పరచాలి, ఒంటిమీద ఉన్ని ఉండాలి, ఆపైనే ఈ పొర.

కింద పరచడానికి మన గొంగడిని మించింది దొరకడం కష్టం. దక్కని గొర్రెల ఉన్నితో నేసి చింతగింజల గంజి పట్టించిన గొంగడి తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. బరువెక్కువ, నడకకు పనికిరాదు. కారులో వెళ్లేవాళ్లు తప్పక పెట్టుకోవాలి. నడిచేవాళ్లకు ఫోమ్ చాప చాలు. అదీ లేకపోతే బ్యాగు ఖాళీ చేసి దానిమీద మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి.

కొనేటప్పుడు షీటు వద్దు, లోపలికి దూరే సంచి రకమే తీసుకోండి. ఈదురుగాలిలో, మొద్దుబారిన వేళ్లతో షీటు అంచులు పట్టుకోవడం కుదరదు. ఒకచోట చిన్న చీలిక పడితే చివరిదాకా పోతుంది. సంచికి కాస్త ధర ఎక్కువైనా ఒంటిని చుట్టూ మూస్తుంది. దానికీ ఒక లోపముంది: చెమట బయటికి పోక లోపల నీటి చుక్కలై బట్టలు తడుస్తాయి. ముఖం ఎప్పుడూ బయటే ఉంచాలి, ఊపిరి సంచిలోకి వదలకూడదు, మధ్యమధ్యలో సంచి మూతి తెరిచి తేమ పోనివ్వాలి. నిప్పు దగ్గరికి అస్సలు తేవద్దు, కరిగిపోతుంది.

బండి మంచులో ఇరుక్కుంటే దిగి నడవొద్దు. ఇంజిన్ వేసే ముందు ప్రతిసారీ సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. గంటకు పది నిమిషాలు మాత్రమే నడిపి, గాలి తగలని వైపు అద్దం కొద్దిగా దించాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచులో నిలిచిపోయిన కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ ప్రమాదానికి ఏ దుప్పటీ అడ్డుపడదు.

దాహమేస్తే మంచు తినొద్దు, దాన్ని కరిగించడానికి ఒంటి వేడే ఖర్చవుతుంది. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. వణికే మనిషి వణుకు ఆగిపోయి, మాట తడబడి, మత్తుగా మారితే పరిస్థితి ముదిరిందని అర్థం. తడి బట్టలు తీసేసి, పొడి ఉన్ని చుట్టి సంచిలో పెట్టాలి, చేతులూ కాళ్లూ రుద్దకూడదు.

సంచికి 5కి 4 ఇవ్వొచ్చు. ఉత్త షీటుకు 2 ఎక్కువే. ఏది కొన్నా డిక్కీలో వేయొద్దు. మంచు పేరుకుంటే డిక్కీ తెరుచుకోదు, సీటు కింద చేతికందేలా పెట్టండి.