జపాన్ ఇంకాన్ సర్టిఫికెట్లకి అపోస్టిల్ చేయిస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

జపాన్‌లో ఉంటూ ఇండియాలో కంపెనీ పెడుతున్నవాళ్లకి, ఇక్కడి కాగితాలు అక్కడి ఆఫీసుల్లో చూపించాల్సిన వాళ్లకి ఈ హెచ్చరిక. ఇంకాన్ సర్టిఫికెట్ అంటే ఒక ముద్ర ఫలానావారి పేరున రిజిస్టర్ అయిందని చెప్పే జపాన్ కాగితం. అపోస్టిల్ అంటే ఒక దేశం కాగితం మీది సంతకం, ముద్ర నిజమైనవేనని ఇంకో దేశానికి చెప్పే ధ్రువీకరణ. ఈ పనికి నేను టోక్యోలో ఒక ఏజెన్సీకి 98,000 యెన్లు కట్టి, రెండు నెలలకి పైగా ఎదురుచూస్తే, హైదరాబాద్‌లో ఎందుకూ పనికిరాని కాగితాల కట్ట చేతికి వచ్చింది. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు కాకపోతే ఇంకొకరు ఇదే చేస్తారు. ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో తెలిస్తే మీరు తప్పించుకోవచ్చు.

నేను ఉండేది టోక్యోలోని నిషికసాయ్‌లో. ఒక జపనీస్ స్నేహితుడితో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కంపెనీ నడుపుతున్నాను. ఆయన రిప్రజెంటేటివ్ డైరెక్టర్, అంటే కంపెనీ తరఫున వ్యవహరించే అధికారం ఉన్నవాడు, నేను డైరెక్టర్‌ని. హైదరాబాద్‌లో దీనికి అనుబంధంగా ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలనుకున్నాం. బోర్డు తీర్మానం సిద్ధం చేసి అక్కడి సీఏ మేడమ్‌కి స్కాన్ పంపాను. ఆవిడ ఫోన్ చేసి మొదట అడిగిన మాట: "సార్, దీనిమీద సంతకమే లేదు కదా. ఈ ఎర్ర ముద్ర ఎవరిదని చూపించమంటారు?"

న్యాయమైన ప్రశ్న. జపాన్‌లో కంపెనీ తరఫున సంతకం కంటే ముద్రకే ఎక్కువ విలువ. మా కంపెనీ ముద్ర గుండ్రంగా ఉంటుంది. బయటి వలయంలో కంపెనీ పేరు, లోపల రిప్రజెంటేటివ్ డైరెక్టర్ ముద్ర అని కంజీ అక్షరాలు (చైనా లిపి నుంచి వచ్చినవి). అది ఫలానా కంపెనీ రిజిస్టర్ చేసిన ముద్రేనని రుజువు చేసే కాగితం ఇంకాన్ షోమేషో. ఇది రెండు రకాలు. మనిషి సొంత ముద్రకి, అంటే జిత్సుఇన్‌కి, మీరుండే వార్డు లేదా సిటీ ఆఫీసు ఇస్తుంది. కంపెనీ ముద్రకి హోముక్యోకు, అంటే రిజిస్ట్రేషన్లు చూసే లీగల్ అఫైర్స్ బ్యూరో ఇస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇండియా వైపు నిబంధన తేలికే. విదేశీ షేర్‌హోల్డర్ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశంవాడైతే, అతని సంతకాలు, గుర్తింపు పత్రాలు అక్కడి నోటరీ దగ్గర ధ్రువీకరించి అపోస్టిల్ చేయించాలని 2014 నాటి కంపెనీల ఇన్‌కార్పొరేషన్ రూల్స్ చెబుతున్నాయి. జపాన్ 1970 నుంచి, ఇండియా 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉన్నాయి. కాబట్టి మనకి కావలసింది అపోస్టిల్. ఎంబసీ ముద్ర అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే సగం డబ్బు మిగిలేది.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే అబ్బాయి ఎత్తాడు. "అన్నా, టెన్షన్ పడకండి, ఇండియాకి రోజూ పంపిస్తుంటాం, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నాడు. మన భాష వినగానే ధైర్యం వచ్చింది. కంపెనీ ఇంకాన్ సర్టిఫికెట్‌తో పాటు నా పర్సనల్ ఇంకాన్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి అన్నాడు. సీఏ మేడమ్ దాన్ని అడగనే లేదు. నేను భారతీయుడిని, నాకు పాస్‌పోర్ట్ ఉంది, సంతకం ఉంది. నా జిత్సుఇన్ గురించి హైదరాబాద్‌లో ఎవరికీ అక్కర్లేదు. అయినా "ప్యాకేజీలో ఉంది" అంటే సరేనన్నాను.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. వాళ్లు సర్టిఫికెట్లు తామే తీసుకొస్తామని చెప్పి, మా కంపెనీ ఇంకాన్ కార్డు, నా వార్డు ఆఫీసు ఇంకాన్ రిజిస్ట్రేషన్ కార్డు (ముద్ర రిజిస్టర్ చేసుకున్నవాళ్లకి ఇచ్చే కార్డులు) రెండూ అడిగారు. ఇచ్చాను. దయచేసి మీరు ఇవ్వకండి. ఆ కార్డు చేతిలో ఉండి, పుట్టినతేదీలాంటి ఒకటి రెండు వివరాలు తెలిస్తే, వేరే అధికారపత్రం లేకుండానే ఎవరైనా మీ పేరున సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇక్కడ అప్పులకైనా, ఇల్లు అమ్మకానికైనా, కారు బదిలీకైనా అడిగేది ఆ సర్టిఫికెటే. దానికి తోడు వాళ్లు పంపిన అధికారపత్రంలో ఏ పని చేయడానికి అధికారం ఇస్తున్నామో రాసే గడి ఖాళీగా ఉంది. పైన మార్జిన్‌లో సుతెఇన్ కోసం చిన్న వలయం గీసి ఉంది. సుతెఇన్ అంటే, తర్వాత అక్షరాలు దిద్దుకోవడానికి ముందుగానే ముద్ర వేసి ఇవ్వడం. ఆ గడి నింపకుండా అక్కడ ముద్ర వేస్తే తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే. మా పార్ట్‌నర్ అది చూసి ముఖం మాడ్చుకుని, సుతెఇన్ వేయకుండా, గడిలో పని పేరు తన చేత్తో రాసి పంపాడు. ఆయన ఆ జాగ్రత్త తీసుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. కార్డులు వాళ్ల దగ్గర రెండు నెలలున్నాయి. నాలుగుసార్లు అడిగాకే వెనక్కి వచ్చాయి.

మే నెలలో కవరు వచ్చింది. చూడ్డానికి ఎంతో పద్ధతిగా, నీలం ఫైల్‌లో, ఒక్కో పత్రానికి ఒక్కో ప్లాస్టిక్ షీట్. స్కాన్ తీసి హైదరాబాద్ పంపాను. సాయంత్రానికి సీఏ మేడమ్ ఫోన్.

"సార్, కంపెనీ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ ఎక్కడుంది? నాకు కనిపించడం లేదు."

నిజంగానే లేదు. జపాన్ విదేశాంగ శాఖ, అంటే గైముషో, ముద్ర ఉంది. కానీ అది కోఇన్ కకునిన్. హేగ్ ఒప్పందంలో లేని దేశాలకి పంపే కాగితాల మీద గైముషో వేసేది అది. దాని తర్వాత జపాన్‌లో ఉన్న ఆ దేశపు ఎంబసీలో మళ్లీ ధ్రువీకరణ చేయించుకుంటేనే విలువ. యూఏఈలాంటి దేశాలకి ఆ దారి. ఇండియాకి కాదు. "రోజూ పంపిస్తుంటాం" అన్నవాళ్లు దరఖాస్తులో తప్పు గడిలో టిక్ పెట్టారన్నమాట. అడిగితే, "అయితే ఇండియన్ ఎంబసీలో అటెస్ట్ చేయిస్తాం, ఇంకో 30,000 అవుతుంది" అన్నారు. తప్పు వాళ్లది, డబ్బు నాది.

తర్వాత అనువాదం చూశాను. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, మన పేర్లతో ఇది ఎవరికైనా జరగొచ్చు.

నా పేరులో వెంకట ఉంది. జిత్సుఇన్ కటకనలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, చెక్కించుకున్నాను. జపనీస్‌లో 'వ' బదులు 'బ' రాయడం మామూలు, కాబట్టి ముద్ర మీద ఉన్నది 'బెంకట'. వార్డు ఆఫీసు సర్టిఫికెట్‌లో పేరు గడిలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఉంటుంది, రిమార్కుల గడిలో కటకన ఉంటుంది. అనువదించినవాళ్లు ఇంగ్లీషు పేరు వదిలేసి, కటకన చూసి తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు. పాస్‌పోర్ట్‌లో వెంకట, అనువాదంలో బెంకట. ఇద్దరు వేరే మనుషులన్నమాట.

మా పార్ట్‌నర్ సంగతి ఇంకా దారుణం. జపనీస్ ఇంటిపేర్లు కొన్ని ఒకే కంజీతో రెండు రకాలుగా పలుకుతారు. నకజిమ, నకషిమ రెండూ రాసేది ఒకేలా. హోముక్యోకు ఇచ్చే ఇంకాన్ సర్టిఫికెట్‌లో ఉచ్చారణ రాయరు, కంజీ మాత్రమే. పాస్‌పోర్ట్ కాపీ చేతిలో పెట్టినా వాళ్లు చూడలేదు, తోచిన ఉచ్చారణ రాసేశారు. పైగా సర్టిఫికెట్ శీర్షికని 'స్టాంప్ సర్టిఫికెట్' అని అనువదించారు. సీఏ ఆఫీసులో ఉన్న అబ్బాయి అది స్టాంప్ డ్యూటీ రసీదు అనుకుని పక్కన పెట్టేశాడట. మన ఆఫీసుల్లో స్టాంప్ అంటే వేరే అర్థం కదా! రిజిస్టర్డ్ సీల్ సర్టిఫికెట్ అని ఉంటే ఈ గొడవే లేదు.

అయితే ఆ అనువాదానికి నోటరీ ముద్ర, దానిమీద అపోస్టిల్ రెండూ సక్రమంగానే ఉన్నాయి. ఇంత తప్పు అనువాదానికి అపోస్టిల్ ఎలా వచ్చిందని నాకూ అనుమానం వచ్చింది. జపాన్‌లో అనువాదానికి ఒక ప్రకటన జతచేసి, అనువదించిన వ్యక్తి కోషో యకుబాలో, అంటే నోటరీ ఆఫీసులో, సంతకం పెడతాడు. నోటరీ ధ్రువీకరించేది ఆ సంతకాన్ని మాత్రమే. అనువాదం సరిగ్గా ఉందా లేదా ఆయన చూడడు. అపోస్టిల్ ఆ నోటరీ సంతకం, ముద్ర నిజమైనవని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. కాబట్టి అపోస్టిల్ ఉంది కదా అని అనువాదం చదవకుండా వదిలేయకండి.

డబ్బు అడిగితే, "పని చేశాం, ప్రభుత్వ ఫీజులు కట్టేశాం, రీఫండ్ ఉండదు" అన్నారు. బిల్లులో 'గైముషో అపోస్టిల్ ఫీజు, రెండు పత్రాలు, 16,000' అని ఉంది. గైముషో అపోస్టిల్‌కైనా కోఇన్ కకునిన్‌కైనా ఒక్క యెన్ కూడా తీసుకోదు. ఉచితం. వాళ్ల వెబ్‌సైట్‌లోనే రాసి ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి పంపిస్తే, దాన్ని 'సర్వీస్ చార్జీ' అని మార్చి కొత్త బిల్లు పంపారు. 16,000 అలాగే ఉంది.

ఈలోగా హైదరాబాద్‌లో స్పైస్ ప్లస్ ఫారం (కంపెనీ పెట్టడానికి ఇండియాలో వేసే దరఖాస్తు) పార్ట్ ఏలో మాకు రిజర్వ్ అయిన కంపెనీ పేరు గడువు, 20 రోజులు, దాటిపోయింది. ఏజెన్సీ ఇచ్చిన తేదీ నమ్మి మేమే తొందరపడి పేరు తీసుకున్నాం. ఆ పేరు కోసం మళ్లీ మొదటినుంచి.

రెండోసారి నేనే చేసుకున్నాను. నాకు జపనీస్ అంతంతమాత్రమే వచ్చు, అయినా అయింది. హోముక్యోకులో కంపెనీ ఇంకాన్ సర్టిఫికెట్ కొత్తది తీసుకున్నాం, కొన్ని వందల యెన్లే. గైముషోకి ఇచ్చే కాగితం మూడు నెలల లోపుది కావాలి కాబట్టి పాతది ఎలాగూ చెల్లదు. ఇక్కడ చాలామందికి తెలియని మెట్టు ఒకటుంది. కంపెనీ సర్టిఫికెట్ మీద ఉండేది రిజిస్ట్రార్ ముద్ర. గైముషోకి వెళ్లేముందు ఆ ముద్ర నిజమైనదేనని లీగల్ అఫైర్స్ బ్యూరో డైరెక్టర్ ధ్రువీకరించాలి. టోక్యోలో అది కుదన్‌షితలోని ప్రధాన ఆఫీసులో చేస్తారు, దానికీ ఫీజు లేదు. వార్డు ఆఫీసు ఇచ్చే పర్సనల్ సర్టిఫికెట్‌కి ఈ మెట్టు లేదు, నేరుగా గైముషోకి పంపొచ్చు. గైముషోకి నేను పోస్టులోనే పంపాను, తిరిగి రావడానికి లెటర్‌ప్యాక్ (ముందే డబ్బు కట్టిన పోస్టు కవరు) జతచేసి. దరఖాస్తులో దేశం గడిలో ఇండియా, కింద అపోస్టిల్ దగ్గర టిక్. తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది.

అనువాదం తెలిసినవాళ్ల చేత చేయించి, ప్రతి పేరూ పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూశాను. నోటరీకి అప్పట్లో 11,500 యెన్లు అయింది. సంతకం ధ్రువీకరణకి 5,500, విదేశీ భాష అయినందుకు 6,000. టోక్యో, కనగావ, ఐచి, ఒసాకాల్లో నోటరీ దగ్గరే బ్యూరో ధ్రువీకరణ, గైముషో అపోస్టిల్ కలిపి ఒకేచోట వచ్చేస్తాయి, వేరుగా తిరగక్కర్లేదు. పిన్ను తీయకూడదని, పేజీల మధ్య వేసిన ముద్ర చెదిరితే కాగితం చెల్లకుండా పోవచ్చని నోటరీ ఆఫీసులో రెండుసార్లు చెప్పారు. స్కాన్ తీసేటప్పుడు పేజీలు మడిచి తీయండి, పిన్ను మాత్రం ముట్టుకోకండి.

ఏజెన్సీకి ఇవ్వక తప్పని పరిస్థితి చాలామందికి ఉంటుంది, సెలవు దొరకదు, భాష రాదు. ఇవ్వండి, కానీ ముందు ఇండియాలో కాగితం తీసుకునేవాళ్లని ఒక్క ప్రశ్న అడిగి జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి: అపోస్టిల్ జపనీస్ ఒరిజినల్ మీద కావాలా, నోటరీ చేసిన అనువాదం మీద కావాలా, రెండిటి మీదా కావాలా? ఆ మెయిల్‌ని ఏజెన్సీకి పంపి, అదే చేస్తామని రాతపూర్వకంగా ఒప్పించండి. అనువాదం నోటరీకి వెళ్లేముందు డ్రాఫ్ట్ మీకు చూపించాలని చెప్పండి.

కాగితం చేతికొచ్చాక అపోస్టిల్ చూడటం కష్టం కాదు. పైన అపోస్టిల్ అనే శీర్షిక, కింద 1961 అక్టోబర్ 5 హేగ్ ఒప్పందం అని ఫ్రెంచ్‌లో ఒక వాక్యం, ఆ కింద ఒకటి నుంచి పది వరకు అంకెలు ఉంటాయి. రెండో అంకె పక్కన సంతకం చేసిన అధికారి పేరు, మూడో అంకె పక్కన ఆయన హోదా. మూడో చోట నోటరీ అని ఉంటే ఆ అపోస్టిల్ అనువాదం కట్టది. లీగల్ అఫైర్స్ బ్యూరో డైరెక్టర్ అనో, మేయర్ అనో ఉంటే సాధారణంగా ఒరిజినల్ సర్టిఫికెట్‌ది. పది అంకెలూ లేకపోతే అది అపోస్టిలే కాదు, మా మొదటి కట్టలో కంపెనీ సర్టిఫికెట్ మీద ఉన్న ముద్రలాగా.

ఇప్పటికే మీ కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఈరోజే ఫోన్ చేసి ఇంకాన్ కార్డులు వెనక్కి తెప్పించుకోండి. సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ కూడా అడిగి రాసుకోండి, మూడు నెలల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.