నాక్ గ్రేడు చూసి నర్సింగ్ సీటుకు డబ్బు కట్టాను, మీరు కట్టకండి

నల్లగొండ, హాలియా, దేవరకొండ వైపు పిల్లలకు నర్సింగ్ సీట్ల కోసం తిరుగుతున్న తల్లిదండ్రులందరూ దయచేసి ఇది చదవండి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి మన ఫోన్లకు తీరిక లేకుండా చేస్తున్న కన్సల్టెన్సీ ఏదో, పొరుగు రాష్ట్రంలోని ఏ ప్రైవేటు విశ్వవిద్యాలయం సీట్లను వాళ్లు అమ్మిపెడుతున్నారో పేర్లు రాయకపోయినా మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా తమ్ముడి కూతురికి అక్కడ బి.ఎస్సీ. నర్సింగ్ కోసం 1,45,000 రూపాయలు కట్టాం. నిన్న వెళ్లి చూసి, సీటు వద్దని రాసిచ్చి, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం. డబ్బు ఇవ్వలేదు, పిల్ల సర్టిఫికెట్లు కూడా ఇవ్వలేదు.

ఆ డబ్బు నాదైతే ఇంత బాధ ఉండేది కాదు. తమ్ముడు బత్తాయి తోట మీద వచ్చిన సొమ్మును ఒక్క రూపాయి ముట్టకుండా తెచ్చి, "అన్నా, నువ్వు సదువుకున్నోనివి, నువ్వే సూడు" అని నా చేతిలో పెట్టాడు. నేను చూసిన తీరు ఇదీ. ప్రశ్నను చివరి పదం దాకా చదవకుండా పెన్ను పెట్టవద్దని ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పిల్లలకు లెక్కల పీరియడ్‌లో చెబుతున్న నేను, రంగుల కరపత్రం మీది పెద్ద అక్షరాలు చదివి, పక్కనున్న చుక్క (స్టార్) గుర్తునూ, ఆ గుర్తుకు అడుగున ఇచ్చిన చీమ తలకాయంత అక్షరాలనూ వదిలేశాను.

కరపత్రంలో ఘనంగా వేసుకున్నవి రెండే: విద్యాసంస్థల నాణ్యతను కొలిచే నాక్ వారి ఎ ప్లస్ ప్లస్ గ్రేడు, కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో దేశంలోని మొదటి వందలో చోటు. రెండూ అబద్ధాలు కావు, వాళ్ల తెలివంతా అక్కడే ఉంది. నాక్ గ్రేడు ఇచ్చేది విశ్వవిద్యాలయం మొత్తానికి, నాలుగుకు 3.51 గానీ ఆ పైన గానీ వస్తే ఎ ప్లస్ ప్లస్ అంటారు. అందులో ఇంజినీరింగ్ బలమెంత, నిన్నగాక మొన్న తెరిచిన నర్సింగ్ కళాశాల బలమెంత అన్నది ఆ అక్షరం చెప్పదు. ఇక 2016 నుంచి ఏటా వస్తున్న ఎన్ఐఆర్‌ఎఫ్‌లో వైద్యానికి, దంతవైద్యానికి, ఫార్మసీకి వేర్వేరు జాబితాలు ఉన్నాయి గానీ నర్సింగ్‌కు జాబితాయే లేదు. లేని జాబితాలో వీళ్లకు వందలోపు ర్యాంకు ఎక్కడిదని ఒక్క నిమిషం ఆలోచించినా నాకు తెలిసిపోయేది. ఆ ర్యాంకు ఇంజినీరింగ్‌దని చుక్క గుర్తు కింద వాళ్లే అచ్చు వేసుకున్నారు. కంప్యూటర్ సైన్సుకు వచ్చిన పేరుతో మా పిల్లకు సూది వేయడం నేర్పుతారని నమ్మాను.

నిన్న ఆ కళాశాలకు అనుబంధమని చెప్పుకునే ఆసుపత్రికి వెళ్లాం. అద్దాల తలుపులు, గ్రానైట్ నేల, ప్రవేశంలో వినాయకుడి విగ్రహం, అన్నీ బాగున్నాయి. రెండో అంతస్తులోని వార్డులో వరుసగా పన్నెండు మంచాలు ఉన్నాయి, పదకొండింటి మీది పరుపులకు దుకాణంలో వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. తమ్ముడు ఒక పరుపు మీద అరచేయి పెట్టి నొక్కితే ఆ నిశ్శబ్దంలో కవరు కరకరమన్న చప్పుడు వార్డు ఆ చివరి దాకా వినిపించింది. పన్నెండో మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటున్న పెద్దమనిషిని ఏ ఊరని అడిగితే, తాను ఆ క్యాంపస్‌లోనే తోటమాలినని, రాత్రి నుంచి విరేచనాలని చెప్పాడు. నర్సుల బల్ల పక్కన గోడకు వేలాడుతున్న తెల్ల బోర్డు మీద కిందటి నెల తేదీ ఉంది. "పెద్దబాపూ, ఇక్కడ మేము ఎవలకు సేవ జెయ్యాలె?" అని పిల్ల మెల్లగా అడిగింది. వాళ్ల నానమ్మ జిల్లా ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ పక్కనే కూర్చుని, అక్కడి నర్సులను చూసి, ఈ చదువే చదువుతానని పట్టుబట్టిన పిల్ల అది.

నర్సింగ్ కళాశాలకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. అరవై మంది పిల్లలకు నూట ఎనభై మంది రోగులు కావాలి, నాకు కనిపించింది ఒక్క తోటమాలి. కొత్త సంస్థ అయినంత మాత్రాన చెడ్డదని నేను అనడం లేదు. మన బీబీనగర్ ఎయిమ్స్‌లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ చేరింది 2019 లోనే, కానీ అక్కడ ఓపీ చీటీ కోసం ఒక్క పూట వరుసలో నిలబడిన వారికి రోగులున్నారా అన్న అనుమానం రాదు. వేలూరు సీఎంసీలో నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ 1946 లోనే మొదలైంది, ఆ చదువుకు ఉన్న పేరు రోగి మంచం పక్కన నిలబడి తెచ్చుకున్న పేరు. ఇదంతా నాకు ముందే తెలుసు, అయినా కరపత్రం చేతిలోకి రాగానే మరిచిపోయాను.

అక్కడి నుంచి అడ్మిషన్ల గదికి వెళ్లాం. డబ్బు కట్టిన రోజున మాకు కూల్‌డ్రింక్ తెప్పించి, తమ్ముడిని "అన్నగారూ, అన్నగారూ" అని భుజం మీద చేయి వేసి మాట్లాడిన మనిషే బల్ల అవతల ఉన్నాడు. ఈసారి కూర్చోమని కూడా అనలేదు. ఆసుపత్రిలో రోగులే లేరు కదా, ర్యాంకు కూడా ఇంజినీరింగ్‌ది కదా అని నేను అడిగితే, ఫోన్‌లో నుంచి తల ఎత్తకుండా, "మీరు ర్యాంకు ఎంత అని అడిగారు, చెప్పాం. పేషెంట్లు ఎంతమంది అని అడగలేదు కదా సార్" అన్నాడు. నేను ఏదో అనబోయేలోగా మా దరఖాస్తును వెతికి తీసి, దాంట్లో నా వృత్తి రాసిన చోటును చూసి, కరపత్రాన్ని నా వైపు జరిపి, ఆ చుక్క గుర్తు మీద గోటితో రెండుసార్లు కొట్టి, "మీరు టీచరే కదా సార్, స్టార్ గుర్తు చూసుకోరా?" అని నవ్వాడు.

పక్కనే తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, బస్సులోనూ అనలేదు, దారిలో హోటల్ దగ్గర దిగినప్పుడు నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. తిడితే బాగుండేది.

రసీదు మీద "తిరిగి చెల్లించబడదు" అని ముద్ర ఉన్నది కాబట్టి డబ్బు రాదని వాళ్ల వాదన. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకన్నా ముందే సీటు వదులుకుంటే కట్టిన ఫీజులో ఐదు శాతానికి మించకుండా, అది కూడా ఐదు వేలు దాటకుండా మాత్రమే పట్టుకోవాలి. వాళ్లు ప్రకటించిన చివరి తేదీకి ఇంకా మూడు వారాలు ఉంది. 1,45,000 లో ఐదు శాతం 7,250 అవుతుంది, పరిమితి 5,000 గనుక మాకు 1,40,000 రావాలి. ఈ లెక్క మాత్రం నేను తప్పు చేయలేదు. అసలు సర్టిఫికెట్లను సరిచూసి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి తప్ప దగ్గర పెట్టుకోకూడదని కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఇదంతా చెబితే, "అయితే యూజీసీనే అడగండి" అన్నాడు. అడుగుతున్నాను, ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఈ ఉదయమే ఫిర్యాదు పెట్టాను.

కట్టబోయే వారికి నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. గ్రేడు సంగతి పక్కన పెట్టి, ఆ కళాశాల పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఈ సంవత్సరానికి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్న మాటను నమ్మకండి, ఎందుకంటే డిగ్రీ చేతికొచ్చినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకపోతే పిల్ల నర్సుగా పని చేయడానికి వీలుండదు. చెప్పకుండా ఒక మామూలు రోజున ఆ ఆసుపత్రి వార్డులోకి వెళ్లి మంచాలు లెక్కపెట్టండి. చదువు పూర్తి చేసి బయటికి వచ్చిన బ్యాచ్ ఒక్కటైనా ఉందా అని అడగండి; మేము కట్టిన చోట ఇప్పుడు నడుస్తున్నది రెండో సంవత్సరమట. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ ముగిసే దాకా ఆగండి, "రేపటికల్లా సీట్లు అయిపోతాయి" అని ఎవరు ఫోన్ చేసినా సరే. మాకు అలా ఫోన్ చేసిన అమ్మాయే ఈ రోజు మధ్యాహ్నం, ఇంకా పదిహేను సీట్లు మిగిలాయి, తెలిసిన పిల్లలుంటే చెప్పండి సార్ అని నాకే సందేశం పంపింది.

పిల్ల ఇంటర్ మెమో, టీసీ ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. సోమవారం సెలవు పెట్టి మళ్లీ వెళ్తున్నాను. ఇదే చోట సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకున్న వారు ఎవరైనా ఉంటే ఎలా తెచ్చుకున్నారో దయచేసి ఆలోపు చెప్పండి.