సీడర్ సెంట్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

షాపులో కాగితం పట్టీ మీద కొట్టి, వాసన చూసి కొనేవాళ్లకు సీడర్ అనే, దేవదారులాంటి కర్ర వాసన అంతగా నచ్చదు. ముందు ముక్కుకు తగిలేది నిమ్మో, నారింజో, మిరియమో. అది చూసి బాగుందనో బాలేదనో తేల్చేస్తారు. సీడర్ అసలు నిలదొక్కుకునేది ఆ తర్వాతే. దాని నూనెలో ఉండే సెడ్రాల్, సెడ్రీన్ లాంటివి బరువైన అణువులు, మెల్లగా ఆవిరవుతాయి. పొద్దున కొట్టుకుంటే సాయంత్రానికి చొక్కా మీద మిగిలేది అవే.

లేబుల్ మీద సీడర్ అని ఉన్నంత మాత్రాన వాసన ఒకటే అనుకోకండి. వర్జీనియా సీడర్ నిజానికి సీడర్ కాదు, జూనిపర్ అనే వేరే జాతి చెట్టు. ఒకప్పుడు పెన్సిళ్లు ఈ కర్రతోనే చేసేవారు, అందుకే అప్పుడే చెక్కిన పెన్సిల్ గుర్తొస్తుంది. పొడిగా, శుభ్రంగా ఉంటుంది, ఆఫీసుకు ఇదే హాయి. టెక్సాస్ రకం కూడా జూనిపరే, ఇంకాస్త మొరటు. మొరాకో కొండల్లో పెరిగే అట్లాస్ సీడర్ మాత్రం అసలైన సీడర్, హిమాలయాల దేవదారుకు దగ్గరి చుట్టం. ఉత్త నూనె సీసా మూత తీస్తే మొదట కర్పూరం ఘాటు కొడుతుంది, ముక్కు ముడుచుకుంటాం. కాసేపటికి అందులోంచి ఒక తీపి దిగుతుంది. నా ఓటు దీనికే. జపాన్ కంపెనీ షిసైడో 1992లో తెచ్చిన ఫెమినితే ద్యు బ్వా అనే సెంటు ఈ కర్రనే ప్లమ్ పండ్ల తీపితో, మసాలాలతో కలిపింది. సీడర్ మగవాళ్ల సెంటు అనేవాళ్లు ఒకసారి అది వాసన చూడాలి.

ఇప్పుడొచ్చే చాలా సీసాల్లో కర్ర నూనె కంటే సీడర్‌ను తలపించే ఐసో ఈ సూపర్ అనే ల్యాబ్ పదార్థమే ఎక్కువ. 2006లో వచ్చిన టెర్ ద ఎర్మెస్ అనే సెంటులో అది దండిగా ఉంది. అదే ఏడాది వచ్చిన మాలిక్యూల్ 01లోనైతే సువాసనకు వేసింది అదొక్కటే. నునుపుగా, మెత్తగా ఒంటి చుట్టూ పరుచుకుంటుంది. కొట్టుకున్నవాళ్లకే కాసేపు తెలియకుండా పోయి, మళ్లీ వస్తుంది. కొందరికి అసలే తెలియదు. అయిపోయిందనుకుని ఇంకో రెండు స్ప్రేలు కొట్టకండి, పక్కవాళ్లని అడగండి. వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది!

సీడర్‌కు లోపాలూ ఉన్నాయి. గంధంలో ఉండే వెన్నలాంటి మెత్తదనం దీనికి లేదు. వట్టివేరో, వెనిల్లానో తోడు లేకపోతే వర్జీనియా రకం మరీ ఎండిపోయినట్టుంటుంది. చవక సెంట్లలో సీడర్ పేరుతో గుచ్చుకునే కెమికల్ కర్ర వాసన వేస్తారు, నాకైతే దాంతో తలనొప్పి గ్యారంటీ. ఉక్కపోతలో మాత్రం దీనికి ఎదురులేదు. తియ్యటి సెంట్లు చెమటతో కలిసి వెగటు పుట్టిస్తాయి, సీడర్ పొడిగానే ఉంటుంది. ఎండాకాలమంతా నేను వేరేది ముట్టుకోను.