జాగ్రత్త: బొమ్మలు, నగలు నేర్చుకునే పిల్లలకు అమ్ముతున్న 'కంప్లీట్ కిట్' తూకం వేయకుండా కొనొద్దు

ఇలస్ట్రేషన్‌తో పాటు నగల తయారీ కూడా నేర్చుకునే పిల్లల కోసమంటూ విజయవాడలో ఒక పెట్టె అమ్ముతున్నారు. ధర 6,800. పై అరలో కాగితాల బ్లాకు, రంగులు, పెన్నులు, స్కేలు. కింది అరలో తీగ చుట్టలు, పటకార్లు, రంపం, చిన్న గ్యాస్ టార్చి, టాకా (లోహపు ముక్కలను అతకడానికి కరిగించే లోహం). కొట్టు పేరు రాయడం లేదు. ఇదే సరుకు గుంటూరులో ఇంకో స్టిక్కరుతో దొరుకుతోంది, కాబట్టి పేరు కన్నా సరుకును గుర్తుపట్టడం వస్తే మేలు. పిల్లలు తెచ్చిన నాలుగు పెట్టెలు విప్పి తూచాం, కాల్చాం, తడిపి చూశాం.

డబ్బులు పోవడం ఒక ఎత్తు. రింగు గుండ్రంగా రాకపోయినా, వాష్ (నీళ్లు కలిపిన పలుచటి రంగు పూత) మచ్చలు పడినా పిల్లలు తమ చేతినే తిట్టుకుంటారు, అదింకో ఎత్తు. రెండు నెలలు కూర్చున్నా పని ముందుకు కదలదు, ఆ తర్వాత పెట్టె అటక ఎక్కుతుంది. అందుకే ఎక్కడ తప్పు సరుకుది, ఎక్కడ తప్పు చేతిది అన్నది విడదీసి రాస్తున్నాం.

ముందు తీగ. చుట్ట మీద 'రాగి, 20 గేజ్, 10 మీటర్లు' అని ఉంది. గేజ్ అంటే తీగ మందం చెప్పే అంకె. ఆ మాట దగ్గరే తిరకాసు. అమెరికన్ లెక్కలో 20 గేజ్ అంటే 0.81 మి.మీ., బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్) లెక్కలో 0.91 మి.మీ. ఇంటర్నెట్‌లో చూసే పాఠాలు చాలావరకు అమెరికన్ లెక్కవి, మన కొట్లలో రెండోది కూడా నడుస్తుంది. కాబట్టి గేజ్ అడక్కండి, మిల్లీమీటర్లు అడగండి. 0.81 మి.మీ. రాగి తీగ 10 మీటర్లు ఉంటే 46 గ్రాములు తూగాలి. ప్లాస్టిక్ రీలు తీసేసి తూస్తే మొదటి పెట్టెలో వచ్చింది 14 గ్రాములు. పొడవు సరిపోయింది, లోహమే మారింది. అది రాగి రంగు పూసిన అల్యూమినియం. ఇంకో పెట్టెలో 40 గ్రాములు వచ్చింది. ఫరవాలేదు అనుకుంటుండగానే తీగ వెళ్లి అయస్కాంతానికి అతుక్కుంది. ఇనప తీగ మీద రాగి పూత.

చుట్టి అలంకరించే పనికి అల్యూమినియం అయినా సరిపోతుంది కదా అంటారేమో. మంట చూపించనంత వరకు సరే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మామూలు 'ఈజీ' రకం వెండి టాకా పారేది 700 దాటాక. అంటే టాకా పారకముందే కింద ఉన్న తీగ వంగిపోయి ముద్దగా జారుతుంది. చూసేవాళ్లకు మంట ఎక్కువ పెట్టేసినట్టే కనిపిస్తుంది. ఇక్కడ తప్పు చేతిది కాదు.

'925 వెండి తీగ' సంగతి ఇంకా ఘోరం. 925 అంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి, మిగతాది మామూలుగా రాగి. పెట్టెలో ఉన్న తీగ కొసను కట్టర్‌తో నున్నగా కత్తిరించి పది రెట్ల భూతద్దంలో చూడండి. చుట్టూ సన్నని తెల్లటి అంచు, నడుమ ఎర్రటి చుక్క. కోసిన జామకాయలా ఉంటుంది. అది పూత. ఎర్రగా కాల్చితే పూతలోని వెండి రాగిలోకి ఇంకిపోయి తీగంతా ఎర్రబడుతుంది. మరో రకంలో కొస కూడా తెల్లగానే ఉంది, కానీ తీగ స్ప్రింగులా వెనక్కి తన్నుతోంది. అది జర్మన్ సిల్వర్. పేరులోనే సిల్వర్ ఉంది, లోపల రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింక్. చెవి కమ్మీలకు దీన్ని వాడితే నికెల్ పడనివాళ్లకు తమ్మె వాచి రసి కారుతుంది.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. 0.01 గ్రాము చూపే చిన్న కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి. 10 గ్రాముల తీగను దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో ముంచండి. 925 వెండి అయితే కాటా 0.97 దగ్గర ఆగుతుంది. జర్మన్ సిల్వర్ అయితే 1.15 దగ్గర. తీగకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ముంచేముందు సబ్బు నీళ్లలో కడగండి. అంత ఓపిక లేకపోతే తెలిసిన కంసాలి దగ్గరికెళ్తే గీటురాయి మీద గీసి చెప్పేస్తాడు.

చిలకలపూడి నగ కొనేవాళ్లకు అది గిల్టు అని తెలుసు, అమ్మేవాళ్లూ గిల్టు అనే చెప్తారు. బందరు పక్కన అంత నిజాయతీగా జరిగే వ్యాపారాన్ని చూసిన మనకు, ఈ 925 స్టిక్కరు చూస్తే ఒళ్లు మండక మానదు.

టాకా విషయం మాత్రం డబ్బుతో పోయేది కాదు. పెట్టెలో ఇచ్చింది రేడియో రిపేరు కొట్లో వాడే సీసం-తగరం తీగ. లైటర్ మంటకే బొట్టుగా రాలితే అదే. ఇది వెండి మీద ఒక్క చుక్క పడినా, ఆ ముక్కను మళ్లీ ఎర్రగా కాల్చినప్పుడు సీసం వెండిని తినేసి గుంతలు చేస్తుంది. ఆకురాయితో ఎంత రాకినా ఆ గుంతలు పోవు. రెండు పెట్టెల్లో వెండి టాకా ముక్కలు కూడా ఉన్నాయి, పొట్లం మీద ఏ వివరమూ లేదు. బంగారం కొట్లో 'కేడీఎం' అన్న మాట వినే ఉంటారు. కేడీఎం అంటే క్యాడ్మియం కలిసిన టాకా. తక్కువ వేడికే చక్కగా పారుతుంది, అందుకే వాడతారు. దాని పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు. 'క్యాడ్మియం లేనిది' అని పొట్లం మీద గానీ బిల్లు మీద గానీ రాసివ్వని టాకాను ఇంట్లో కాల్చొద్దు. కిట్‌తో పాటు ఇచ్చే ఆదివారం క్లాసులో కిటికీలు మూసి, ఏసీ వేసి టార్చి వెలిగిస్తున్నారు. దాని గురించి ఇంకేం చెప్పాలి.

అతుకు పట్టకపోవడంలో చేతి తప్పులూ ఉంటాయి. తీగ కొసల మధ్య వెలుతురు కనిపిస్తే టాకా ఆ సందును పూడ్చదు, కొసలు ఒకదానికొకటి ఆనాలి. వెలిగారం పేస్టు రాయకపోతే రాగి నల్లబడి టాకాను దగ్గరికి రానివ్వదు. మంటను టాకా మీద కాకుండా ముక్క అంతటి మీద తిప్పాలి, ఎందుకంటే టాకా వేడి ఎక్కడుంటే అటు పరిగెడుతుంది. తర్వాత నలుపు పోవడానికి పటిక వేసిన వేడి నీళ్లలో వేస్తాం కదా, అందులోంచి ఇనప పటకారుతో తీస్తే వెండి మీద ఎర్రటి రాగి పొర పడుతుంది. చెక్కదో రాగిదో వాడండి.

రంపం బ్లేళ్లు చెక్క కోసేవి. 0.8 మి.మీ. రేకు కోయడానికి 2/0 సైజు (సన్న పళ్ల బ్లేడు నంబరు) కావాలి. రేకు మందంలో ఒకేసారి దాదాపు రెండు పళ్లు ఉండాలి, లేకపోతే పన్ను రేకుకు తగులుకుని టప్పున విరుగుతుంది. సరైన బ్లేడు పెట్టినా విరుగుతోందంటే పళ్లు పిడి వైపు కిందికి చూస్తున్నాయో లేదో చూసుకోండి. పటకార్ల నోట్లో గాట్లు ఉన్నాయి, తీగ నిండా పంటి గుర్తులు.

పై అర త్వరగా చెప్పేస్తాం. బ్లాకు మీద '300 జీఎస్‌ఎం, ఏ4, 12 షీట్లు' అని ఉంది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. ఏ4 అంటే చదరపు మీటరులో పదహారో వంతు, కాబట్టి షీటుకు 18.7 గ్రాముల చొప్పున మొత్తం 224 రావాలి. అట్ట తీసి తూస్తే 150, అంటే 200 జీఎస్‌ఎం. తడి వాష్ వేయగానే పడవలా లేస్తుంది. మూల మీద ఒక నీటి చుక్క వేయండి. కాసేపు బొట్టుగా నిలబడాలి. పడగానే నల్లగా ఇంకితే కాగితానికి సైజింగ్ (నీళ్లు వెంటనే ఇంకకుండా పట్టించే జిగురు) పోయినట్టు, చెమ్మ గోడౌన్లో పడి ఉన్న సరుకుకూ ఇదే గతి. వాష్‌లో మచ్చలు అక్కడి నుంచే వస్తాయి. 'వాటర్‌ప్రూఫ్' పెన్నుతో గీసి పది నిమిషాలు ఆరాక తడి బ్రష్ లాగితే ఊదా రంగు చారలు వచ్చాయి. తెల్ల గవాష్ (కింది రంగు కనిపించకుండా కప్పే నీటి రంగు) అని ఇచ్చింది పోస్టర్ కలర్. బూడిద రంగు కాగితం మీద రాళ్ల మెరుపులు గీస్తే ఆరాక వెలవెలబోతోంది, వేలితో రుద్దితే సున్నంలా రాలుతోంది.

స్కేలు మాత్రం తప్పక సరిచూడండి. నగల డ్రాయింగ్ అసలు సైజులోనే వేస్తాం. స్టీలు స్కేలు పక్కన పెడితే కిట్ స్కేలు 100 మి.మీ. దగ్గర 1.5 మి.మీ. తక్కువ ఉంది. అయితే ఉంగరం బిగుతుగా వస్తే ప్రతిసారీ స్కేలునే తిట్టకండి. లోపలి వ్యాసం 17, తీగ మందం 1 అయితే కోయాల్సింది 17తో లెక్కేసిన 53.4 కాదు, 18తో లెక్కేసిన 56.5 మి.మీ. మందం కలపడం మర్చిపోవడం పూర్తిగా చేతి తప్పే.

బదులుగా ఏం కొనాలంటే, 0.8 మి.మీ. రాగి తీగ తూకానికి 100 గ్రాములు తీసుకోండి, 22 మీటర్లు వస్తుంది. మోటార్ వైండింగ్ కొట్లో దొరికే తీగ కూడా మంచి రాగే, కాకపోతే దానిమీద వార్నిష్ ఉంటుంది. గరుకు కాగితంతో గీకకపోతే టాకా అంటదు. రాగి మీద ఇరవై అతుకులు సాఫీగా వచ్చాకే వెండికి వెళ్లండి. అప్పుడు కూడా రెడీమేడ్ చుట్ట వద్దు. కంసాలి దగ్గర కావలసిన మందానికి కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే చిల్లుల పలక) లాగించుకుని, తూకం, టంచు (వెండి స్వచ్ఛత) రెండూ బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు పెట్టె మీద తయారీదారు చిరునామా, నికర పరిమాణం, ఎంఆర్‌పీ, నెల-సంవత్సరం ఉన్నాయేమో చూడండి. ప్యాక్ చేసిన సరుకు మీద ఇవి ఉండాలన్నది తూనికలు కొలతల నిబంధన. మా నాలుగింటి మీదా ఎంఆర్‌పీ తప్ప ఏమీ లేదు. కొట్టువాళ్లు వెనక్కి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. తీగ కొస కత్తిరించక ముందే రీలు, స్టిక్కరు, కాటా అంకె ఒకే ఫొటోలో పడేలా తీసి పెట్టుకోండి. కత్తిరించాక పట్టుకెళ్తే 'వాడేసిన సరుకు' అంటున్నారు.