పాత రాతి గోడ సందులకు సున్నమా, సిమెంటా?

పాత రాతి ఇంటి బయటి గోడల్లో రాళ్ల మధ్య సందుల్లోని గచ్చు రాలిపోతుంటే చాలామంది ముందు సిమెంటు బస్తా కోసమే చూస్తారు. ఇప్పుడు మనం వాడే మామూలు సిమెంటుకు, అంటే పోర్ట్‌లాండ్ సిమెంటుకు, పేటెంట్ వచ్చిందే 1824లో. అంతకు ముందు కట్టిన గోడకు అది కొత్త చుట్టం.

ఖర్చు: సిమెంటు చవక. సున్నానికి సరుకు కన్నా కూలీ ఎక్కువవుతుంది.

శ్రమ: సిమెంటు పని త్వరగా తేలిపోతుంది. సున్నం అలా కాదు. పాత గచ్చును సందు వెడల్పుకు రెండింతల లోతు దాకా గీకి, దుమ్ము దులిపి, రాయి తడిపి, అప్పుడు కూరాలి. ఆ తర్వాత కొన్ని రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీసి ఎండ, గాలి తగలకుండా కాపాడాలి. చలి 5 డిగ్రీల కన్నా దిగే రోజుల్లో అసలు ముట్టుకోవద్దు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. గోడలో చేరిన తేమ సున్నపు సందు గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ రాయిలోంచే బయటికి రావాలి. ఆ తేమలోని ఉప్పు పేరుకుని రాయి పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి గోడను దగ్గరగా చూడండి: సిమెంటు గీతలు గట్లలా నిలబడి, మధ్యలో రాళ్లు గుంతలు పడి ఉంటాయి. రాలిన సున్నం మళ్లీ పెట్టుకోవచ్చు, పోయిన రాయి రాదు.

మెత్తటి ఇసుకరాయి, సున్నపురాయి అయితే మరో ఆలోచన వద్దు, సున్నమే. గ్రానైట్‌కైనా నా ఓటు దానికే. మొదట్నుంచీ సిమెంటుతో కట్టిన గోడైతే సిమెంటు చాలు. ఎవరో ఎప్పుడో పూసిన సిమెంటు గట్టిగా పట్టుకుని ఉంటే మాత్రం, ఉలితో కొట్టి రాళ్ల అంచులు విరగ్గొట్టే కన్నా అది వదులయ్యే దాకా ఆగడం నయం.